గురువారం మేష్టారి ఎదురు

మొన్న మా పింఛనుదారుల సంఘంవాళ్ళు విజయనగరంలో నాకు శాలువా కప్పారు. హాలు కిటకిటలాడిపోయింది. కూర్చోడానికి చోటులేక జనం మెట్లమీద నిలబడ్డారు, మెట్లు కూడా చాలక రోడ్డుమీద... సరే, అంత లేదు. కుర్చీలు సగం ఖాళీ. నిండిన సగంలో కూడా చాలామంది ఉప్మా కోసం వచ్చినవాళ్ళే. జూట్ మిల్లు మేనేజరుగా పదవీ విరమణ చేశానని కార్యదర్శి కాగితం చూసి చదివాడు. అది నేను చెప్పి రాయించిందే. నేను మిల్లు టైమాఫీసులో, కూలీల హాజరు వేసేచోట, పెద్ద గుమాస్తాని. మేనేజరు గదిలోకి సంతకాల కోసం తప్ప వెళ్ళినవాణ్ణి కాదు.

ఇవేవీ నాకు సిగ్గు తెప్పించే సంగతులు కావు. గొప్పలు పోవడం, ఎవరూ అడక్కముందే ఒప్పేసుకోవడం, రెండూ నాకు చిన్నప్పటినుంచీ ఉన్న అలవాట్లే. అయితే చివర్లో ఆ కార్యదర్శి, పాపం మంచివాడు, మైకు దగ్గరికి లాక్కుని, ఒక్క మాటలో చెప్పాలంటే మా అన్నగారు జోవియల్ మనిషి అన్నాడు. ఈ మాట ఈమధ్య ఎవరూ వాడటం లేదని, పాతకాలపు మనిషికి పాతకాలపు మాటే బావుంటుందని కూడా అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను అలవాటు ప్రకారం నవ్వాను. నవ్వుతూ ఉండగానే చెవులు వేడెక్కాయి. ఎవరిదో గొలుసు కాజేసి మెడలో వేసుకుని పెళ్ళికి వెళితే, ఆ గొలుసు తాలూకు ఊరివాడే పక్కన కూర్చుని, బావుందండీ గొలుసు, అన్నట్టయింది.

ఆ మాట నాది కాదు. కోటబొమ్మాళిలో మాకు ఇంగ్లీషు చెప్పిన మేష్టారిది.

ఆయన పేరు రాయను. రాయగలిగే మొహం నాకు లేదు. మేం పెట్టిన పేరు గురువారం మేష్టారు. అది చాలు.

ముందు ఆయన నవ్వు గురించి చెప్పాలి. ఆయన నవ్వితే హైస్కూలు పెంకులు అదిరి పావురాలు లేచిపోయేవి. స్టేషన్లో ఆగి ఉన్న పాసింజరు, గార్డు ఈల వేశాడనుకుని కదిలిపోయేది. మిల్లులో ఉన్నన్నాళ్ళూ ఈ కథ చెప్పాను, నమ్మినవాళ్ళూ ఉన్నారు. నిజానికి ఆ నవ్వు పెద్దది కాదు. పొడుగైనది. ముందు భుజాలు కదిలేవి. తర్వాత ఒక దగ్గు వచ్చేది. ఆ దగ్గుతో కండువా కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకునేవారు. ఆ గుడ్డ వెనకనుంచి, మూత పెట్టిన గిన్నెలో నీళ్ళు మరిగినట్టు, నవ్వు వస్తూనే ఉండేది. చివరికి కళ్ళు తుడుచుకుని, ఎక్కడున్నాంరా, అని అడిగేవారు. ఏ పేజీలో ఉన్నామో అప్పటికి క్లాసులో ఒక్కడికీ గుర్తుండేది కాదు.

ఆయనకి మాటల పుట్టుక పిచ్చి. ప్రతి ఇంగ్లీషు మాటకీ ఒక ఊరూ ఇంటిపేరూ ఉంటాయనీ, అవి కనుక్కోకుండా మాటని ఇంట్లోకి రానివ్వకూడదనీ అనేవారు. కొత్త మాట వస్తే పెళ్ళి సంబంధం వాకబు చేసినట్టు చేసేవారు. జోవియల్ కూడా అలాగే వచ్చింది. పాఠంలో ఎవరో లావుపాటి సత్రం యజమాని ఉన్నాడు, వాణ్ణి ఆ మాటతో వర్ణించారు. ఎప్పుడూ ఉల్లాసంగా ఉంటూ నలుగుర్నీ ఉల్లాసంగా ఉంచేవాడని మేష్టారు అర్థం చెప్పారు. చెప్పి, "అర్థంతో సరిపెట్టుకుంటే మార్కులొస్తాయి, మాట రాదు" అని బల్లమీదకెక్కి కూర్చున్నారు.

జోవ్ అనేది రోమన్ల దేవతల రాజు పేరట. జూపిటర్ అన్నా ఆయనే. ఆకాశంలో ఆయన పేరు పెట్టిన గ్రహం మన గురుడే. పుట్టిన ఘడియలో ఆ గ్రహం బలంగా ఉంటే ఆ బిడ్డ బతికినన్నాళ్ళూ నవ్వుతూ నవ్విస్తూ ఉంటాడని ఆ దేశాల పాతకాలపు జ్యోతిష్కులు నమ్మేవారట. నమ్మకం పోయి మాట మాత్రం మిగిలిందట. అక్కడా జాతకాలే చూశారట్రా, అని భుజాలు కదపడం మొదలుపెట్టారు. మరి శనికో, అని వెనక బెంచీ నుంచి ఎవడో అడిగాడు. దానికీ ఉంది: శని వాళ్ళకి సాటర్న్, అంచేత మొహం ముడుచుకు కూర్చునేవాణ్ణి సాటర్నైన్ అంటారని చెప్పారు. ఆవేళ సాయంత్రానికి మా క్లాసులో సగంమంది గురులూ సగంమంది శనులూ అయిపోయారు. వ్యవసాయదార్ల పిల్లలం. పంచాంగం తెలిసినంతగా మాకు ఇంగ్లీషు తెలియదు. ఆ భాషలో మొదటిసారి ఒక చుట్టం కనబడినట్టనిపించింది.

నేను లేచి నిలబడి, "తమరు గురువారం పుట్టినారేటండి?" అని అడిగాను.

"మా అమ్మ చెప్పకుండానే పోయిందిరా" అన్నారు. "అడిగినవాళ్ళకి గురువారమనే చెప్తున్నాను. ఎవడు చూడొచ్చాడు."

అలా ఆయన గురువారం మేష్టారయ్యారు.

ఇప్పటివాళ్ళకి ఇంకో సంగతి విడమర్చి చెప్పాలి. మా వైపు ఇంట్లోంచి పనిమీద బయల్దేరేటప్పుడు ఎవరు ఎదురొస్తారన్నది పెద్ద విషయం. నిండు బిందెతో ముత్తైదువ ఎదురొస్తే పని అయినట్టే. ఒంటి బ్రాహ్మడు ఎదురైతే చెడినట్టే. అలా ఎదురైతే వెనక్కి ఇంట్లోకి పోయి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. మేష్టారు బొబ్బిలి వైపునుంచి ఒక్కరే వచ్చారు. మా వీధి చివర ఒక గది అద్దెకి తీసుకుని, ఒక్కరే వండుకు తినేవారు. భార్య పోయిందో, అసలు పెళ్ళే కాలేదో ఎవరూ అడగలేదు. వీధిలో బ్రాహ్మలు ఇంకెవరూ లేరు.

ఆయన బడికి వెళ్ళే వేళా, జనం పొలాలకీ సంతకీ బయల్దేరే వేళా ఒకటే. గొడుగు పట్టుకుని ఆయన మలుపు తిరిగేసరికి వీధిలో మనుషులు వెనక్కి తిరిగేవారు. ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఏదో మర్చిపోయినట్టు లోపలికి పోయేవారు. ఆయన కూడా ఏదో గుర్తొచ్చినట్టు గోడవైపు తిరిగి, గొడుగుకి కట్టిన తాడు విప్పి మళ్ళీ కట్టుకునేవారు. ఇళ్ళలోంచి చెంబుల చప్పుడు వినబడేది. అది అయ్యాక నడిచేవారు. ఓసారి ఆ సమయానికి నేను పక్కనే ఉంటే నాతో అన్నారు: "ఊరందరిచేతా పొద్దున్నే మంచినీళ్ళు తాగిస్తున్నానురా. ఆరోగ్యానికి మంచిదే." భుజాలు కదిలాయి. దగ్గు వచ్చింది. నవ్వు మాత్రం రాలేదు.

ఇందులోకి నేను దూరింది అప్పుడే.

మా ఎదురింట్లో అప్పన్న మావ ఉండేవాడు. చుట్టరికం లేదు, వరస అంతే. సంతల్లో ఎడ్ల బేరం చేసేవాడు. ఓ సాయంత్రం అతని అరుగుమీద కూర్చుని నేను మహా ఇంగ్లీషు పండితుణ్ణి అయిపోయాను. మేష్టారి దగ్గర దిండంత పుస్తకం ఉందనీ, అందులో రాసి ఉందనీ మొదలుపెట్టాను. జోవియల్ మనిషి నడుస్తుంటే పక్కన గురుడు నడుస్తాడన్నాను. అంచేత మేష్టారు ఒంటి మనిషి కాదు, ఇద్దరు కింద లెక్క అన్నాను. తెల్లవాళ్ళు సముద్రం మీదకి ఓడలు వదిలేటప్పుడు ఇలాంటి మనిషిని వెతికి పట్టుకుని, జీతమిచ్చి మరీ ఎదురు రప్పించుకునేవారని కూడా అన్నాను. అప్పన్న మావ నోట్లో చుట్ట ఆరిపోయేదాకా విన్నాడు.

"ఓడలక్కూడానేటి" అన్నాడు.

ఆ తర్వాతి సంతరోజున మావ ఎడ్లని తోలుకుని బయల్దేరుతుంటే మలుపులో గొడుగు కనబడింది. మావ వెనక్కి తిరగలేదు. మేష్టారు అలవాటుగా గోడవైపు తిరగబోతుంటే, "మేష్టరుగోరూ, రండి, ఇలాగ ఎదురు రండి" అని పిలిచాడు. ఆయనకి కాసేపు అర్థం కాలేదు. వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసుకున్నారు. తర్వాత వచ్చారు. ఎడ్లు ఆవేళ మంచి బేరానికే పోయాయి.

ఆ తర్వాతి సంగతి నేను చాలాచోట్ల చెప్పాను. టెక్కలి నుంచీ నరసన్నపేట నుంచీ బళ్ళు కట్టుకుని వచ్చి జనం మేష్టారి గుమ్మం ముందు బారులు తీరేవారని చెప్పాను. నిజమేమిటంటే, మా వీధిలో కొన్ని ఇళ్ళు, పక్క వీధిలో ఒక పురిటి మనిషిని ఆస్పత్రికి తీసుకుపోయినవాళ్ళు. అంతే. కాని ఆ కొన్ని ఇళ్ళే ఆయనకి చాలాయి. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఉతికిన పంచె కట్టుకుని, బడివేళకి చాలా ముందే గది బయట నిలబడి ఉండేవారు. ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు ముందురోజే చెప్పి వెళ్ళేవారు. వాళ్ళు గుమ్మం దిగుతుంటే ఈయన మలుపునుంచి నడిచి వచ్చేవారు, నవ్వుతూ. కండువా అడ్డం పెట్టుకోకుండా.

ఓరోజు బడి అయ్యాక నన్ను ఆపారు. డిక్షనరీలో లేని అర్థాలు చెబుతున్నావటగా, అన్నారు. చెవి మెలిపెడతారనుకుని నేల చూశాను. ఆయన గొడుగు కొనతో మట్టిలో గీతలు గీస్తూ, అది అబద్ధమనీ, తను వెళ్ళి కాదని చెప్పాలనీ, చెప్పడం లేదనీ అన్నారు. ఇంకా గీతలు గీశారు.

"పొద్దున్నే నన్ను చూసి మనుషులు మొహం తిప్పుకోకపోతే ఎలా ఉంటుందో నాకు ఇన్నాళ్ళూ తెలీదురా" అన్నారు. "ఉండనీ కొన్నాళ్ళు."

ఆయనకేదో మేడ కట్టించి ఇచ్చినవాడిలా ఛాతీ విరుచుకుని ఇంటికి వెళ్ళాను.

ఇదంతా అరవైల చివరి మాట. బడి చదువు అయింది, టైపు నేర్చుకున్నాను, ఉద్యోగం మాత్రం లేదు. నాన్న లేడు. అమ్మ చాలాకాలం చూసి, ఇక అప్పన్న మావ వెంట సంతలకి పొమ్మంది. ఆ మాట అన్న కొద్ది రోజులకే విజయనగరం జూట్ మిల్లు నుంచి ఇంటర్వ్యూకి రమ్మని కార్డు వచ్చింది. ఇది పోతే ఎడ్ల తోకలు పట్టుకోవడమే. మేష్టారు నాకు ఎదురు వస్తారని వీధంతా టముకు వేశాను. ఆయనకీ చెప్పాను. నీకు రాకపోతే ఇంకెవరికి వస్తాను, అన్నారు. క్యాండిడేట్ అంటే తెల్లబట్టలవాడనీ, రోమన్లలో పదవి అడగబోయేవాడు తెల్లటి బట్ట కట్టుకునేవాడనీ చెప్పి, ఉతికిన చొక్కా వేసుకెళ్ళమన్నారు.

పొద్దున్నే అమ్మ పెరుగూ పంచదారా నోట్లో పెట్టింది. సర్టిఫికెట్ల కవరు చంకలో పెట్టుకుని గుమ్మం దిగాను. అప్పన్న మావ తన అరుగుమీద కూర్చుని ఉన్నాడు. మలుపులో గొడుగు కనబడింది. నా చొక్కా కంటే ఆయన పంచె తెల్లగా ఉంది. మా ఇద్దరిలో క్యాండిడేట్ ఆయనే అనిపించేటట్టు వస్తున్నారు. నన్ను చూడగానే భుజాలు కదిలాయి.

ఇక్కడ పెంచి చెప్పడానికి ఏమీ లేదు.

నా కాళ్ళు ఆగిపోయాయి. గురుడు పక్కన నడుస్తాడన్నది కట్టుకథ అని ఆ వీధిలో తెలిసినవాళ్ళం ఇద్దరమే, ఆయనా నేనూ. మిగతావాళ్ళకి ఇద్దరు కనబడేవారేమో. నాకు మాత్రం ఆయన పక్కన ఎవరూ లేరని స్పష్టంగా కనబడింది. ఒక్క మనిషి వస్తున్నాడు. ఒంటి బ్రాహ్మడు. నేను వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయాను.

"ఏటిరా, ఏటి మర్సిపోనావు?" అంది అమ్మ.

మంచినీళ్ళిమ్మన్నాను. ఆమెకి అర్థమయింది. చెంబు అందించి, నా మొహం చూడకుండా పక్కకి తిరిగి నిలబడింది. బయటనుంచి అప్పన్న మావ గొంతు వినబడింది. అరవలేదు. ధర అడిగినట్టు మామూలుగా అడిగాడు.

"ఒరే, మాకైతే గురుడు తోడొస్తాడన్నావు. నీకాడికొచ్చీసరికి ఒంటోడైపోనాడేటిరా?"

లోపలున్న నాకు ఆ మాట వినబడిందంటే, వీధిలో నిలబడ్డ మనిషికి వినబడకుండా ఉండదు.

కూర్చున్నాను. నీళ్ళు తాగాను. రైలు వేళ దగ్గర పడుతోంది. కిటికీ సందులోంచి చూస్తే మలుపు ఖాళీగా ఉంది. గొడుగు లేదు. ఇంకెవరైనా ఎదురైతే ఏం చెయ్యాలా అనుకుంటూ గుమ్మం దిగాను. దిగీ దిగగానే పైడమ్మత్త, అప్పన్న మావ భార్య, నుదుట రూపాయి కాసంత బొట్టుతో, నిండు ఇత్తడి బిందె చంకనపెట్టుకుని వీధి మొగదల నుంచి నాకెదురుగా వచ్చింది. ఎల్లిరా నాయినా, పనైపోద్ది, అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. పరిగెత్తి రైలు అందుకున్నాను. విజయనగరం దాకా ఆ బిందె గురించే తలుచుకున్నాను. గొడుగు గురించి తలుచుకోలేదు.

ఉద్యోగం వచ్చింది. నా ఇంగ్లీషు విని మిల్లు పెద్దలు కుర్చీల్లోంచి లేచారని ఊళ్ళో చెప్పాను. వాళ్ళు అడిగింది నా పేరు, ఇచ్చింది టైపు కొట్టడానికో కాగితం.

తిరిగి రాగానే పైడమ్మత్త దగ్గరికి వెళ్ళాను. బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నీ ఎదురు మంచిదత్తా, అన్నాను.

"నా ఎదురేటి బాబూ" అంది. "మేష్టరుగోరు మా పెరటి దారంట వచ్చినారు. 'అమ్మా, ఆడికి రైలు తప్పిపోద్ది, నిండు బిందెత్తుకోని ఓపాలి ఎదురెల్లు' అన్నారు. నీలు పొద్దున్నే తెచ్చీసినాను. ఆ బిందే మళ్ళీ ఎత్తుకోని ఎల్లినాను. నేను తిరిగొచ్చీసరికి ఇంకా గోడెనకాలే నిలబడున్నారు, కండువా నోట్లో కుక్కుకోని. నువ్వెల్లిపోనావని సెప్పినాక అప్పుడు కదిలినారు."

నవ్వుతున్నారా, అని అడిగాను.

"నవ్వే అనుకున్నాను" అంది. "గొంతు ఇనబడనీలేదు. మరి ఏటో." చేటలోకి చూసుకుంది.

వీధి చివర గది. నాలుగడుగుల దూరం. వెళ్ళాలి కదా. రేపు వెళదామనుకున్నాను. మర్నాడు పొద్దున తలుపు సందులోంచి చూస్తే, అప్పన్న మావ ఎడ్లతో బయల్దేరి, మలుపులో గొడుగు చూసి, ఎడ్లని అక్కడే వదిలి లోపలికి పోయాడు. చెంబు చప్పుడు వినబడింది. మావని తప్పు పట్టలేను. కల్పించినవాడే నమ్మనిదాన్ని అతనెందుకు నమ్మాలి. తర్వాత పక్కింటివాళ్ళు, ఆ తర్వాత అవతలివాళ్ళు. నేను మిల్లులో చేరడానికి బయల్దేరే నాటికి వీధంతా మునుపటిలాగే మంచినీళ్ళు తాగుతోంది. మేష్టారు గోడవైపు తిరిగి గొడుగు తాడు విప్పి కట్టుకుంటున్నారు. గడ్డం పెరిగి ఉంది.

నేను బయటికి వచ్చి ఒక్క మాట అనొచ్చు. గురుడు కోపగించాడనో, నాకు కళ్ళు తిరిగి లోపలికి వెళ్ళాననో ఇంకో అబద్ధం, మొదటిదానికంటే పెద్దది, ఆడొచ్చు. అది నాకు చేతకాని విద్య కాదు. ఊరికే అవసరం లేనిచోట ఎన్నో ఆడాను. ఒక మనిషికి పనికొచ్చే అబద్ధం ఆడాల్సిన రోజుల్లో మాత్రం తలుపు సందులో కూర్చున్నాను.

మిల్లులో చేరడానికి వెళ్ళేరోజున స్టేషన్లో రేకుపెట్టె మీద పట్టాలకేసి చూస్తూ కూర్చున్నాను. వెనకనుంచి దగ్గు వినబడింది. ఆ దగ్గుకి ముందు భుజాలు కదిలి ఉంటాయి. నేను చూడలేదు.

"భయపడకు" అన్నారు మేష్టారు. "వెనకనుంచే వచ్చాను. వెనకనుంచి వచ్చేవాడితో దోషం లేదుట. మీ అప్పన్న మావని అడిగి మరీ వచ్చాను."

ఎత్తిపొడుపు కాదది. ఎత్తిపొడుపైతే బావుండును. నిజంగానే అడిగి, కనుక్కుని వచ్చారు.

లేచి కాళ్ళమీద పడాలి. తప్పయిందని ఒక్క మాట అనాలి. నోరు తెరిచాను. భుజాలు కదిలాయి. దగ్గొచ్చింది. మెడమీది తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాను, నవ్వాను. ఏం చెయ్యాలో తెలియక నవ్విన నవ్వు. ఆయనా నవ్వారు. సాగనంపడానికి వచ్చిన అమ్మ మా ఇద్దర్నీ చూసి, మేష్టరుగోరు మా వాణ్ణి నవ్విస్తన్నారు, అని సంబరపడింది. రైలొచ్చింది. రేకుపెట్టె ఆయనే అందించారు. నేను మెట్టెక్కి లోపలికి వెళ్ళేదాకా నా వెనకే నిలబడ్డారు, ముందుకి రాలేదు. నాకు అవతలివైపు కిటికీ దగ్గర చోటు దొరికింది. ఇవతలికి వచ్చి చూడొచ్చు. చూడలేదు.

ఆ నవ్వే మిల్లులో అందరికీ నచ్చింది. పై అధికారి తిట్టినా, నేను ఎవరికైనా అన్యాయం చేసి దొరికిపోయినా, మాట రావాల్సిన చోటల్లా అదే వచ్చేది. ముందు భుజాలు, తర్వాత దగ్గు, తర్వాత గుడ్డ. సరదా మనిషి అన్నారు. ఎన్నో ఏళ్ళకి బొబ్బిలి నుంచి వచ్చిన ఒకాయన, మాటల మధ్యలో, మేష్టారు పోయారని చెప్పాడు. అప్పుడూ ముందు భుజాలే కదిలాయి. ఆ బొబ్బిలాయన నాకేసి వింతగా చూశాడు.

మొన్న సభలో నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. జోవియల్ అనే మాటకి ఊరూ ఇంటిపేరూ చెప్పాను. రోమన్ల దేవుడు, గురుగ్రహం, పుట్టిన ఘడియ, అన్నీ చెప్పాను. ఎక్కడ నేర్చుకున్నారు ఇవన్నీ, అని ముందు వరసలోంచి అడిగారు. పెద్ద పుస్తకంలో చదివానన్నాను. ఆయన పేరు అక్కడా చెప్పలేకపోయాను.

దిగి వస్తుంటే దగ్గొచ్చింది. కొత్త శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని స్తంభం వైపు తిరిగి నిలబడ్డాను. చూడండి, నవ్వు ఆపుకోలేకపోతున్నారు, అన్నాడు కార్యదర్శి.

నవ్వే అనుకోనిచ్చాను.